చెవికి తెలుగు, కంటికి తమిళం
రాజపాళయం వృద్ధులకు ఆరోగ్య యాప్ ఎలా ఉండాలి: ప్రసంగ పాఠం



విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం అనగానే నూలు మిల్లులు, ఆ ఊరి పేరు మోసే వేటకుక్కలు గుర్తుకు వస్తాయి. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. విజయనగర కాలపు వలసలతో ముడిపడిన రాజుల ఇళ్లలో నేటికీ తెలుగే వినిపిస్తుంది. ఆ ప్రాంతపు నాయుళ్లలో, రెడ్డియార్లలో, అరుంధతియర్లలో కూడా తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు ఉన్నాయి. అయితే వీరు బడిలో నేర్చినది తమిళ లిపి. తెలుగులో అనర్గళంగా మాట్లాడే అవ్వ తెలుగులో రాసిన తన పేరును చదవలేకపోవడం అక్కడ వింత కాదు.

ఆరోగ్య యాప్‌లు తయారు చేసేవారు ఈ సంగతిని ఊహించినట్టు కనబడదు. యాప్ తెరవగానే భాష ఏదని ఒకే ఒక ప్రశ్న వస్తుంది. చెన్నైలోనో బెంగళూరులోనో కొలువు చేసే కొడుకు పండుగకు వచ్చినప్పుడు తల్లి ఫోనులో యాప్ పెట్టి, ఇంటిభాష గనుక తెలుగును ఎంచుతాడు. ఉద్దేశం మంచిదే. కానీ ఆమెకు తెరపై కనిపించేవి అర్థం లేని గీతలు. “మాత్ర వేసుకున్నారా?” అన్న ప్రశ్న కింద ఉన్న రెండు మీటలలో ఏది అవునో, ఏది కాదో ఆమెకు తెలియదు. వేసుకున్న తరువాత కూడా పొరపాటున “కాదు” నొక్కితే యాప్ మళ్లీ గంట మోగిస్తుంది. ఆమె మళ్లీ వేసుకుంటుంది. అది గ్లిమెపిరైడ్ వంటి షుగర్ మాత్ర అయితే రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే దిగిపోవచ్చు. చెమటలు పట్టి, స్పృహ తప్పి, పడి తుంటి ఎముక విరగవచ్చు. ఇంత అనర్థానికి మూలం భాష ఎంపికలోని ఒక్క గడి.

కనుక వినే భాషను, చదివే భాషను వేర్వేరుగా ఎంచుకునే వీలు ఉండాలి. తెలుగులో వినిపించాలి, తమిళంలో చూపించాలి. వైద్యునికి ఇచ్చే కాగితం ఇంగ్లీషులో రావాలి. వారికి తమిళం విన్నా అర్థమవుతుంది కదా అని కొందరు అడుగవచ్చు. అర్థమవుతుంది. కాని ఒంట్లోని బాధను చెప్పుకునే మాట పుట్టింటి భాషలోనే ముందుగా నోటికి వస్తుంది.

ఆ తెలుగు ఏ తెలుగు అన్నది మరింత సున్నితమైన విషయం. వార్తలు చదివే తెలుగు అక్కడ పనికిరాదు. “రక్తపోటు”, “మధుమేహం” అని గంభీరంగా పలికితే పెద్దవారు తెల్లబోతారు. ప్రెషర్, షుగర్ అంటే చాలు. ఆంధ్రదేశంలో కళ్లు తిరుగుతాయి, తమిళంలో తల తిరుగుతుంది. రెండు భాషల నడుమ బతికిన మనిషిని “కళ్లు తిరుగుతున్నాయా?” అని మాత్రమే అడిగితే “లేదు” అన్న జవాబు రావచ్చు. ఆ జవాబును నమ్మి యాప్ ఊరుకుంటుంది. హైదరాబాదులో కూర్చుని అనువదించిన వాక్యాలను ఆ ఊరి పెద్దలకు వినిపించి, వారు తిరిగి చెప్పిన మాటలతో సరిదిద్దాలి. గొంతును కూడా ఆలోచించి ఎంచాలి. వయసుతో సన్నని ధ్వనులు ముందుగా వినబడకుండా పోతాయి గనుక కీచుగొంతు కంటే నింపాదిగా పలికే మంద్రస్వరం మేలు.

అంకెల విషయంలో మాత్రం ఒక సౌలభ్యం ఉంది. ప్రెషర్ యంత్రంపై కనిపించే 1, 2, 3 అంకెలు అందరూ ఎరిగినవే. యంత్రంలో పై అంకె, కింది అంకె, నాడి ఏ వరుసలో ఉంటాయో యాప్ గడులు కూడా అదే వరుసలో ఉండాలి. ఒకటి పక్కన ఒకటి పెడితే తారుమారవుతాయి. అంకెలు రాయించే ముందు అయిదు నిమిషాలు ఊరక కూర్చోమని, పాదాలు నేలపై ఆనించమని, చేయి గుండె ఎత్తున ఉంచమని గొంతుతో చెప్పించాలి. మెట్లెక్కి వచ్చి కొలిచిన అంకె అనవసర భయాన్నే మిగులుస్తుంది.

తెర సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 2023లో వెలువడిన వెబ్ సౌలభ్య ప్రమాణాలు, డబ్ల్యూసీఏజీ 2.2, మీట కనీసం 24 పిక్సెళ్లు ఉండాలంటాయి. పై స్థాయికి 44 కోరుతాయి. వణికే చేతికి 44 కూడా ఉదారం కాదు. వయసుతో చర్మం పొడిబారిన వేలిని తెర కొన్నిసార్లు గుర్తించదు గనుక, నొక్కిన ప్రతిసారీ శబ్దం రావాలి. ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే మంచిచెడ్డలు తెలపడం సరికాదు, పక్కన మాట ఉండాలి.

2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ప్రారంభించిన “మక్కళై తేడి మరుత్తువం” కింద మహిళా ఆరోగ్య కార్యకర్తలు ఇంటికే వచ్చి ప్రెషర్, షుగర్ చూసి మాత్రలు అందిస్తున్నారు. ఆమె గడపలో నిలబడినప్పుడు చూపడానికి నెల అంకెలన్నీ ఒకే పుటలో రావాలి. పది తెరలు తిప్పించే యాప్ కంటే గోడకు వేలాడే క్యాలెండరు నయం.

దూరాన ఉన్న బిడ్డలకు ఈ అంకెలు చేరాలా అన్నది చివరి ప్రశ్న. చేరితే నిశ్చింతే, కాని నిర్ణయం పెద్దవారిది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అంగీకారం కోరే విన్నపాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చూసుకునే వీలు ఇవ్వాలి. తెలుగు ఆ జాబితాలో ఉంది. కాని తెలుగు లిపిలోని పత్రం రాజపాళయం అవ్వకు పత్రం కాదు. దానిని ఆమెకు చదివి వినిపించాలి. “కొడుకుకు పంపనా, వద్దా?” అని అడిగి, ఆమె నోటితో చెప్పిన జవాబునే స్వీకరించాలి. వద్దంటే ఆ అంకెలు ఆమె ఫోనులోనే ఉండిపోవాలి.