నాలుగు చాళ్లు వదిలేశాం
(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

రుణ వసూళ్ల గురించి మాట్లాడతానేమోనని కంగారు పడకండి. ఇవాళ నా విషయం పురుగు.

మీలో చాలామందికి ఊళ్లో ఎకరమో రెండెకరాలో ఉండే ఉంటుంది. మాకు ఖమ్మం దగ్గర ఉంది, బాబాయి మొక్కజొన్న వేస్తాడు. కత్తెర పురుగు అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మన దేశంలో 2018లో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొదట కనబడి, ఆ ఏడాదే మన వైపూ వచ్చింది. తల మీద తిరగేసిన ‘వై’ గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు చుక్కలు ఉంటాయి. చిన్న పురుగులు ఆకుపై పచ్చదనాన్ని గీకి తింటాయి. పెద్దవి మొవ్వులోకి దూరి, తమ పెంటతోనే పైన మూత వేసుకుంటాయి. ఆ తర్వాత మందు లోపలికి దిగడం కష్టం.

బాబాయి ఫోన్ చేసేసరికి చేను మోకాలెత్తు ఉంది. దుకాణంలో ఇచ్చిన డబ్బా ఫోటో పంపమన్నాను. త్రికోణం ఎర్రగా ఉంది. ఎరుపు అంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. (మన ఎన్‌పీఏ వర్గీకరణ కంటే ఇదే సులువు.) పిన్ని రోజూ ఆ గట్ల మీదే గేదెలకు గడ్డి కోస్తుంది. వాపసు ఇచ్చెయ్యమన్నాను. “పంట పోతే మీ బ్యాంకు ఇస్తుందారా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

శనివారం రాత్రి బస్సెక్కాను. మండల వ్యవసాయాధికారిని అడిగి, చేనంతటికీ ఆకుపచ్చ త్రికోణం ఉన్న క్లోరాంట్రానిలిప్రోల్, లీటరుకు 0.4 మిల్లీలీటర్లు అనుకున్నాం. ఒక మూల నాలుగు చాళ్లకు వేపనూనె, నాలుగింటికి బీటీ, నాలుగింటికి ఏమీ లేదు. ఆ చివరి నాలుగింటి దగ్గరే గొడవ. “పురుగుని పెంచుతావా?” అన్నాడు బాబాయి. ఏదీ కొట్టనిది పక్కన లేకపోతే మందు పనిచేసిందో, వాన పనిచేసిందో ఎలా తెలుస్తుందన్నాను. ఎంబీఏలో నేర్చుకున్నది ఊళ్లో పనికొచ్చింది ఆ ఒక్క రోజే.

ఎండకు బీటీ బలం పోతుంది కనుక సాయంత్రం మొవ్వుల్లోకి కొట్టాం. ఒక్కో రకానికి 20 మొక్కలు లెక్కపెట్టే బాధ్యత పిన్నిది. మూడో రోజు బీటీ చాళ్లలో పురుగులు ఇంకా బతికే ఉన్నాయి. బాబాయి ఫోన్లో తిట్టాడు. పిన్ని మాత్రం, “బతికున్నాయి గానీ తినట్లేదు, కొత్త చిల్లులు లేవు” అంది. బీటీ పురుగు కడుపులోకి వెళ్తేనే పనిచేస్తుంది. ముందు మేత మానేస్తుంది, చావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఏడో రోజుకి చిన్నవి దాదాపు లేవు. మూత వేసుకున్న పెద్దవి మిగిలాయి. వేపనూనె గెలుస్తుందని నేననుకున్నాను, గెలవలేదు. కొంత తగ్గించింది, అంతే. అయితే ఆ చాళ్లు కాలువ పక్కవి, మొక్కలు ముందే బలహీనం. తప్పు నాదే, చాళ్లు చీటీ వేసి ఎంచుకోవాల్సింది. క్లోరాంట్రానిలిప్రోల్ అన్నిటికంటే బాగా పనిచేసింది. వదిలేసిన నాలుగు చాళ్లలో మొవ్వులు చిరిగి గుడ్డపీలికల్లా అయ్యాయి. వాటిని చూశాకే బాబాయి నాతో మామూలుగా మాట్లాడాడు.

ఈసారి చేను మొలిచిన దగ్గర్నుంచీ ఆయనే వారానికి రెండుసార్లు ఆకుల మీద గుడ్ల గుంపులు వెతికి నలిపేస్తున్నాడు. పిన్ని లెక్కల పుస్తకం తెచ్చాను. టీ విరామంలో చూడొచ్చు. నాలుగో పేజీలో పాల లెక్క కూడా ఉంది, దాన్ని వదిలెయ్యండి.