ఫోనులో ఆట, పలక మీద స్పెల్లింగు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిరుడు ఇదే సభలో ఒక తండ్రి లేచి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "పిల్లలకు ఫోను ఇవ్వొద్దని మీరే అంటారు. ఫోనులో స్పెల్లింగు ఆటలు ఆడించమని మళ్లీ మీరే అంటారు. ఇంట్లో మేం ఏది వినాలి టీచర్ గారూ?" ఆ రోజు మేం సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇంతలో భోజనాల వేళ అయింది, అందరూ లేచారు. ఆ బాకీ తీర్చుకుందామనే ఈసారి కార్యదర్శి గారు మాట్లాడమనగానే ఒప్పుకున్నాం.

మా పిల్లల సంగతి మీకు తెలియనిది కాదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. పాఠం అర్థం కావడానికి అది మంచి ఏర్పాటే. చిక్కు రాసే దగ్గర వస్తుంది. జవాబు తెలిసిన పిల్ల కూడా ఒక పదం స్పెల్లింగు రాక ఆగిపోతుంది. ఆ పదం వదిలేసి, వాక్యమంతా కుదించి, తనకు తెలిసినదాంట్లో సగమే రాసి పేపరు ఇచ్చేస్తుంది. దిద్దేవాళ్లకు కనిపించేది ఆ సగమే.

అందుకే రెండేళ్ల కిందట ఆన్‌లైన్ ఆటల వైపు చూశాం. వీటిలో రెండు రకాలున్నాయి. నాలుగు జవాబులు ముందే ఇచ్చి ఒకటి ఎంచుకోమనేవి ఒక రకం. పదం వినిపించి, అక్షరాలన్నీ మనల్నే కొట్టమనేవి ఇంకో రకం. అమెరికాలో స్పెల్లింగ్ బీ పోటీ జరిపే స్క్రిప్స్ సంస్థవారి వర్డ్ క్లబ్ ఈ రెండో రకానిది. మొదటి రకంలో పిల్లలకు మార్కులు బాగా వస్తాయి, స్పెల్లింగు మాత్రం అంతగా రాదు. ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టడం వేరు, ఏమీ లేని చోట గుర్తు తెచ్చుకుని రాయడం వేరు. బజారులో కనబడ్డ మనిషిని ఎవరైనా గుర్తుపడతారు. ఆ మనిషి ముఖం కాగితం మీద గీయమంటే ఎంతమంది గీస్తారు?

ఇక వర్డిల్. జాష్ వార్డిల్ అనే ఆయన తయారుచేసిన ఈ ఆట 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కొనుక్కుంది. ఐదక్షరాల పదం, ఆరు ప్రయత్నాలు. అక్షరం సరైన చోట పడితే ఆకుపచ్చ, పదంలో ఉండి చోటు తప్పితే పసుపు. రోజుకు ఒకే ఒక్క పదం. మాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఆట తనంతట తానే ఆగిపోతుంది, ఫోను లాక్కోవలసిన పని పడదు.

మేం చేసిన తప్పు కూడా ఇక్కడ చెప్పాలి. ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయో తరగతి గోడ మీద పట్టిక అంటించాం. పోటీ ఉంటే ఉత్సాహం వస్తుందనుకున్నాం. ఆరు వారాలు తిరిగేసరికి పైన ఉన్నవాళ్లు పైనే ఉన్నారు. ఎప్పుడూ మొదటి మూడింటిలో ఉండే ఒక పిల్లకు డిక్టేషన్ పెడితే, బ్యూటిఫుల్ అన్న మాటను ఒకే పేజీలో మూడు రకాలుగా రాసింది. కారణం తర్వాత తెలిసింది. రెండు అక్షరాలు కొట్టగానే కీబోర్డు పైన పూర్తి పదం వచ్చి కూర్చుంటోంది, పిల్ల దాన్ని నొక్కుతోంది. ఇన్ని రోజులూ పాయింట్లు వచ్చింది కీబోర్డుకు! ఫోను సెట్టింగుల్లోకి వెళ్లి ఆ సూచనలు ఆపేయవచ్చని అప్పటిదాకా మాకూ తెలియదు.

పట్టిక అడుగున ఉన్న పిల్ల సంగతి ఇంకా బాధాకరం. ఎనిమిదో తరగతి. తండ్రి ఆటో నడుపుతారు. ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, అది ఆయన జేబులో ఊరంతా తిరుగుతుంది. రాత్రి తొమ్మిదికి ఇంటికి చేరేసరికి ఛార్జింగు ఉండదు, ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. పేరు ఎదురుగా వారం వారం సున్నా. చివరికి ఆమె బడి మానేసింది. నాలుగు రోజులు చూసి ఇంటికి వెళ్లాం. తల్లి టీ ఇచ్చి, "దాన్కు పఢాయి రాదంట కదా టీచర్, గోడ మీద రాశారంట" అంది. మేం రాసింది ఫోను లేదని. ఆ ఇంట్లో వాళ్లు చదువుకున్నది పిల్లకు చదువు రాదని. మర్నాడు బడి తెరవగానే ఆ పట్టిక చించేశాం. పిల్ల ఇంకో రెండు రోజులకు గానీ రాలేదు.

అప్పటి నుంచి వర్డిల్‌ను నల్లబల్ల మీదికి తెచ్చాం. ఒక పిల్ల పదం మనసులో అనుకుని కాగితం మడిచి మాకిస్తుంది. మిగతావాళ్లు పలకల మీద రాసి ఎత్తి చూపిస్తారు. ఆకుపచ్చ చాక్‌పీసు, పసుపు చాక్‌పీసు, అంతే సామగ్రి. వెనకటి రోజుల్లో ఇలాంటిదే ఒక ఆట ఉండేది, తప్పు చెప్పిన ప్రతిసారీ ఉరికి వేలాడే బొమ్మ గీసేవాళ్లం. పిల్లల ముందు అదేం బొమ్మో! ఇప్పుడు దాని బదులు గాలిపటం గీస్తున్నాం. ఫోనులో ఆడిన పిల్ల కంటే పలక మీద ఆడిన పిల్లకు పదం ఎక్కువ రోజులు నిలుస్తోందని మా గమనిక. చెవి విన్నదాన్ని నోరు పలకాలి, చెయ్యి రాయాలి. ఫోనులో వేలు ఒక్కటే పనిచేస్తుంది.

ఇక ఉర్దూ సంగతి. ఇంట్లో ఉర్దూ ఉండటం వల్ల పిల్లలు ఇంగ్లీషులో వెనకబడతారని మాలో కొందరమే అనుకునేవాళ్లం. నిజం అందుకు విరుద్ధం. తెలుగులో పలికినట్టే రాస్తాం, అందుకే ఇంగ్లీషు స్పెల్లింగు మనకు అన్యాయంగా తోస్తుంది. ఉర్దూ ఇమ్లా రాసిన పిల్లకు అది కొత్త కాదు. సాబిత్, సాల్, సాబున్ మూడూ 'సా'తోనే మొదలవుతాయి. మొదటిదాన్ని సేతో, రెండోదాన్ని సీన్‌తో, మూడోదాన్ని స్వాద్‌తో రాస్తారు. జెడ్ శబ్దానికి జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలు. చెవికి తేడా లేదు. అరబ్బీ నుంచి వచ్చిన మాట తన అక్షరాన్ని వెంట తెచ్చుకుంది. ఇంగ్లీషూ అంతే. గ్రీకు నుంచి వచ్చిన ఫోనుకు పి-హెచ్ వచ్చింది. డెట్ అనే మాటలో పలకని 'బి' ఉంది. లాటిన్ మూలం కనపడాలని పండితులు తర్వాత చేర్చినది అది. పదం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే స్పెల్లింగు సగం తెలిసినట్టే.

స్పెల్లింగ్ బీలో పిల్లలు మైకు ముందు నిలబడి పదం అర్థం అడుగుతారు, ఏ భాష నుంచి వచ్చిందో అడుగుతారు. 1925లో మొదలైన ఆ పోటీ 2025లో నూరేళ్లకు చేరింది. ఆ ఏడాది గెలిచింది టెక్సస్‌లో ఉండే ఫైజాన్ జకీ, పదమూడేళ్ల అబ్బాయి. తల్లిదండ్రులు హైదరాబాద్ వాళ్లు. అంతకు ముందు ఏడాది గెలిచిన బృహత్ సోమది తెలుగు కుటుంబం, అప్పుడు రెండో స్థానం ఫైజాన్‌దే. 2025 ఫైనల్లో ఒక దశలో మిగతా ఇద్దరూ తప్పు చెప్పారు, గెలుపు ఫైజాన్ చేతికొచ్చింది. కొమ్మెలీనా అనే మొక్క పేరు ఇచ్చారు. అబ్బాయి ఉత్సాహంలో అర్థమూ అడగలేదు, మూలమూ అడగలేదు, 'కె'తో మొదలుపెట్టేశాడు. తప్పని తనకే తెలిసింది, కానీ అప్పటికే చేయి దాటిపోయింది. తర్వాత నిలదొక్కుకుని ఫ్రెంచి నుంచి వచ్చిన ఎక్లెర్సీస్‌మాన్ అనే పదంతో గెలిచాడు. ఈ వీడియో తరగతిలో చూపిస్తే పిల్లలు గెలిచిన పదం మరిచిపోయారు, తప్పిన పదం గుర్తుపెట్టుకున్నారు. ఇప్పుడు ఎవరైనా తొందరపడితే పక్కవాళ్లు "కె, కె" అంటారు.

స్పానిష్ మా బడికి అనుకోకుండా వచ్చింది. మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి హైదరాబాద్‌లో ఇఫ్లూలో స్పానిష్ చదువుతోంది. 1958లో ఇంగ్లీషు నేర్పడానికి పెట్టిన సంస్థ అది, ఇప్పుడు విదేశీ భాషల విశ్వవిద్యాలయం. సెలవులకు వచ్చినప్పుడు పది రోజులు సాయంత్రం పూట పిల్లలతో స్పానిష్ వర్డిల్ ఆడించింది. మెదక్‌లో స్పానిష్ ఎందుకని మేమే నవ్వాం. మూడో రోజుకు నవ్వు ఆగింది.

మా పిల్లలు స్కూలును ఇస్కూల్ అంటారని, స్టేషన్‌ను ఇస్టేషన్ అంటారని వెక్కిరించేవాళ్లు లేరా? స్పానిష్ వాళ్లు అలాగే ముందొక అచ్చు చేర్చుకుంటారు, పైగా దాన్ని నిఘంటువులోనే రాసుకున్నారు. బడి ఎస్కువేలా, స్టేషన్ ఎస్తాసియోన్. పంచదార అసూకర్, పత్తి అల్గొదోన్, బియ్యం అర్రోస్. ఇవన్నీ అరబ్బీ నుంచి స్పెయిన్ చేరిన మాటలు. ఓహాలా అనే మాట "అల్లాహ్ కోరితే" అన్న అరబ్బీ మాట నుంచి వచ్చిందని చెప్పగానే ముందు వరుస పిల్ల ఒకతి లేచి నిలబడింది! దాన్ని 'హ' అని పలికినా 'జె' రాయాలి. ఆ స్పెల్లింగు ఎవరూ మరచిపోలేదు.

స్పెల్లింగు విషయంలో స్పానిష్ తెలుగుకు దగ్గర, దాదాపు పలికినట్టే రాస్తారు. ఇంగ్లీషులో పి-హెచ్ ఉన్న చోట వాళ్లకు ఎఫ్. ప్రొఫెసర్‌కు ఇంగ్లీషులో రెండు ఎస్‌లు, స్పానిష్‌లో ఒకటే. రెండూ పక్కపక్కన రాసి, ఏ అక్షరం రాలిపోయిందో సున్నా చుట్టించాం. ఇంగ్లీషు పదం అక్షరం అక్షరంగా చూడటం పిల్లలకు అలా అలవాటైంది. స్పానిష్‌లో చిక్కులు లేవని కాదు. 'హెచ్' రాస్తారు, పలకరు. 'బి', 'వి' ఒకేలా వినిపిస్తాయి. అందుకే అమెరికాలో 2011 నుంచి స్పానిష్‌కు కూడా జాతీయ స్థాయి స్పెల్లింగ్ పోటీ పెట్టారు, మొదటిది న్యూమెక్సికో రాష్ట్రంలో. ఆటలో ఇంకో లోపం ఉంది. స్పానిష్ వర్డిల్ అచ్చుల మీది గీతను పట్టించుకోదు. ఆ గీత మరిస్తే పపా అనే నాన్న కాస్తా పాప అనే ఆలుగడ్డ అయిపోతాడు. దానికి మళ్లీ పలకే గతి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రెండు భాషలూ ఒకే పూట ఆడించకూడదు. పరీక్షలో పాసిబుల్‌ను ఒక ఎస్‌తో రాసి మార్కు పోగొట్టుకున్న పిల్ల మాకుంది. ఆ మార్కు పోయింది మా వల్లే.

దానధర్మాలు చేసే సభ కాబట్టి ఇంకో రెండు మాటలు. రత్నం చిట్టూరి అనే తెలుగువారు 1989లో అమెరికాలో నార్త్ సౌత్ ఫౌండేషన్ పెట్టారు. అక్కడి మన పిల్లలకు స్పెల్లింగ్ పోటీలు జరిపి, వచ్చిన సొమ్ముతో ఇండియాలో పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు. ఫ్రీరైస్ అని ఇంకో ఆట ఉంది. 2007లో మొదలైనప్పుడు పదం అర్థం సరిగ్గా చెబితే ఆకలిగొన్నవారి కోసం పది బియ్యపు గింజలు జమ అయ్యేవి. 2009 నుంచి ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం దాన్ని నడుపుతోంది. నాలుగు జవాబుల రకమే, స్పెల్లింగుకు పెద్దగా పనికిరాదు. అయినా మానలేదు. మెతుకు సీమ పిల్లలు గింజలు లెక్కపెట్టుకుంటూ ఆడుతుంటే ఆపడానికి మాకు మనసొప్పలేదు.

ఇప్పుడు మా కోరిక. నిరుడు ఇరవై ట్యాబులు కావాలని అర్జీ పెట్టాం. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం. మనకు గ్రంథాలయం గది ఉంది. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు ఆడపిల్లల కోసం తెరిచి ఉంచండి. బల్లకు బిగించిన ఒక్క ట్యాబు, పద సూచనలు ఆపేసినది. ముప్పై పలకలు, రంగు చాక్‌పీసులు. వంతులవారీగా ఒక తల్లి వచ్చి కూర్చోవాలి, ఆమెకు ఇంగ్లీషు రానక్కర్లేదు. దీనికి జకాత్ సొమ్ము వాడవచ్చా, వేరే విరాళం కావాలా అన్నది మేం చెప్పగల మాట కాదు, పెద్దలు తేల్చాలి.

నిరుడు ప్రశ్న అడిగిన అన్నగారు ఇవాళ కూడా వచ్చారు, మూడో వరుసలో ఉన్నారు. అన్నా, రోజుకు పదిహేను నిమిషాలు ఇవ్వండి. పక్కన కూర్చోండి. ఆడిన ప్రతి పదం నోట్‌బుక్కులో రాశాకే ఫోను తీసుకోండి. మీకు ఇంగ్లీషు రాకపోతే, అక్షరాలు ఒక్కొక్కటే చదివించుకుంటూ పుస్తకంతో సరిచూడండి. పనిమీద ఆలస్యమై ఇంటికి ఫోను రాని రోజున, గది తాళం మా దగ్గర ఉంటుంది. పిల్లను పంపండి. ఆటో నడిపే తండ్రి కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి. తెరిచిన రోజున మొదటి పదం తనే పెడతానంది, అప్పుడే కాగితం మీద రాసి మడిచి మాకిచ్చింది. మేం ఇంకా విప్పి చూడలేదు.