పిల్లల ముక్కు నుంచి రక్తం వస్తే... దవాఖానకు ఎప్పుడు పోవాలి?



ఎండాకాలం వచ్చిందంటే అంగన్‌వాడీల్లో, బడుల్లో వినపడే మాటే ఇది: "పిల్లగానికి ముక్కులకెళ్లి రక్తం వస్తుంది సార్." అంగీ మీద ఆ మరకలు చూస్తే ఏ తల్లికైనా కాళ్లు చేతులు ఆడవు. కొందరు అప్పు చేసి స్కానింగులకు ఉరుకుతారు. ఇంకొందరు "వేడి చేసింది" అని జ్వరమున్న పిల్లను కూడా ఇంట్లోనే ఉంచుతారు. రెండూ నష్టమే.

ముక్కు రంధ్రాల మధ్య గోడ ఉంటుంది కదా, దాని ముందు భాగంలో సన్నని రక్తనాళాలు పైపైనే ఉంటాయి. పిల్లలకు రక్తం ఎక్కువసార్లు అక్కడి నుంచే వస్తుంది. పొడి గాలికి లోపలి పొర ఎండి పగులుతుంది, చెక్కు కడుతుంది, పిల్లలు వేలు పెట్టి గిల్లుతారు. జలుబు చేసి గట్టిగా చీదినా అంతే. 'వేడి' అన్న మాట సగం నిజమే, కాకపోతే ఆ వేడి గాలిలోది. పాపం, మామిడిపండును తిట్టకండి.

ఒక్క పక్క నుంచే చెడు వాసనతో చీమిడి, రక్తం వస్తుంటే శనగగింజో పూసో లోపల ఇరుక్కుందేమో. పుల్లతో తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. బొమ్మల్లోని బిళ్ల బ్యాటరీ అయితే గంటల్లోనే లోపల కాలుతుంది, ఆలస్యం చేయొద్దు.

రక్తం వస్తుంటే తల వెనక్కి వంచడం మనకు అలవాటు. వద్దు. రక్తం గొంతులోకి దిగి వాంతి అవుతుంది. కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో నొక్కి పట్టండి. నోటితో గాలి పీల్చుకోమనండి. గడియారం చూసి 10 నిమిషాలు. ఆగిందా లేదా అని మధ్యలో వదిలి చూస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఆగకుంటే ఇంకో 10 నిమిషాలు. అప్పటికీ ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలి రక్తం వచ్చినా 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్‌కు పైసా ఇవ్వక్కర్లేదు.

జ్వరంతోపాటు ముక్కు నుంచి రక్తం వచ్చినా, ఒంటిపై ఎర్ర చుక్కలు, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపించినా అదే రోజు సర్కారు దవాఖానకు తీసుకుపోండి. డెంగీ కావచ్చు, ప్లేట్‌లెట్లు తగ్గి ఉండొచ్చు. అక్కడ చూపించుకోవడానికి, రక్త పరీక్షకు డబ్బులు తీసుకోరు. ఆస్పిరిన్, బ్రూఫెన్ బిళ్లలు మీ అంతట మీరు వేయొద్దు. రెండేళ్లలోపు పిల్లలకు రక్తం వస్తే ఒక్కసారైనా సరే చూపించండి.

మాటిమాటికీ వస్తుంటే ఇంకో దారి ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి వస్తారు. పిల్లలు తమంతట తాము చెప్పరు. ఎప్పుడెప్పుడు వచ్చింది, ఎంతసేపు కారింది, ఏ పక్క నుంచి అని కాగితం మీద రాసి టీచరుకు ఇవ్వండి. దీనికి ఆరోగ్యశ్రీ కార్డు చూపించే పని లేదు.