తెర మీద మూసిన గళ్లు

(కిమ్‌లో సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూరత్, భరూచ్‌ల మధ్య ఈ కిమ్‌లో మన భాషలో నాలుగు మాటలు చెప్పుకోవడం సంతోషంగా ఉంది. కస్టమర్ల వివరాలు చూసే సాఫ్ట్‌వేర్‌లో ఈమధ్య కొన్ని గళ్లు మూశారు. ఆధార్‌లో చివరి 4 అంకెలే కనబడుతున్నాయి. ఆదాయం, అప్పుల వివరాలు ఆ పని చూసేవారికే తెరుచుకుంటున్నాయి. "ఇన్నేళ్ల సర్వీసు చేశాం, మమ్మల్ని నమ్మరా?" అని కొందరు నొచ్చుకున్నారు. మీ ఇళ్లలోనూ ఆ మాట వినే ఉంటారు.

నా సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కిందట వేరే ఊళ్లో ఉండగా మా మేనమామ వచ్చాడు. "అమ్మాయికి సంబంధం చూస్తున్నాం, అబ్బాయికి అప్పులున్నాయేమో చూసి చెప్పు అల్లుడూ" అన్నాడు. చూశాను. మొండి బాకీ కనబడింది. చెప్పేశాను. సంబంధం తప్పిపోయింది. తర్వాత తెలిసింది, ఆ అప్పు అతని అన్నది. మగ్గాల కోసం తీసుకుంటే ఇతను హామీ సంతకం పెట్టాడంతే. ఆ అబ్బాయి నేటికీ ఎదురైతే నాకు నమస్కారం పెడతాడు. కారణం నేనని అతనికి తెలియదు.

ఆనాడు ఆ గడి మూసి ఉంటే "నాకు కనబడదు మామయ్యా" అని తప్పించుకునేవాణ్ణి. ఆ తాళం మనమీద అనుమానం కాదు, మనకు కాపుదల.

ఇది కొత్త ధర్మమూ కాదు. 1970 నాటి బ్యాంకుల జాతీయీకరణ చట్టం 13వ సెక్షన్ గోప్యతను మన బాధ్యత చేసింది. 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది.

అయితే తెర మీద మూస్తే సరిపోదు. అదే వివరం రిపోర్టులోనో, ఎక్సెల్ షీటులోనో దిగితే తలుపుకి తాళం వేసి కిటికీ తెరిచినట్టే. సీటు మారిన రోజే పాత అనుమతి తీసేయాలి. ఎవరు, ఎప్పుడు, ఏం చూశారో నమోదు కావాలి. పాస్‌వర్డ్ పక్కవారికిస్తే చూసింది వాళ్లయినా పడేది మన పేరే.

సూరత్ చుట్టుపక్కల మగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలు ఎన్నో. ఒకరి సంగతి మరొకరికి చేరడానికి ఒక్క పూట చాలు. అందుకే ఇంట్లోవారికి నా మనవి ఒక్కటే. "ఫలానావాళ్లకి ఎంతుంది?" అని అడగకండి. అడిగినవాళ్లకు "మా ఇంట్లో ఆ మాటలు రావు" అని చెప్పండి.

సెలవు.