ఉభయముఖమైన విద్యాయాత్ర



ఇక్ష్వాకుల యేలుబడిలో, మూడవ శతాబ్దమున, కృష్ణాతీరమందలి విజయపురిలో సింహళ భిక్షువులకై ప్రత్యేకముగా ఒక విహారముండెనని నాగార్జునకొండ శాసనము చెప్పుచున్నది. జ్ఞానార్థియై వచ్చిన పరదేశికి నీడయిచ్చుట మన నేలకు అనాదిగా తెలిసిన ధర్మము.

మనవారును జ్ఞానార్థులై పరదేశములకేగిరి. 1920లలో కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయమును మామగారి ధనమును ఆధారముగాగొని బోస్టను చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఆసుపత్రిలో కూలిపని చేయుచు హార్వర్డులో చదివి, లోకమునకు మహౌషధములను ప్రసాదించి, 1948లో కన్నుమూయువరకు మరల స్వదేశమును చూడలేదు. లక్షలాది మన యువకుల బాట నేటికిని ఆ యేకముఖమైన బాటయే. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అమెరికా కళాశాలలనుండి చదువు నిమిత్తము విదేశములకేగు విద్యార్థులో, ఎక్కువగా ఇటలీకి, స్పెయినుకు, బ్రిటనుకు పోవుచున్నారు.

దీనికి భిన్నముగా, రెండవ ప్రపంచ యుద్ధానంతరము మిగిలిన సామగ్రిని విక్రయించిన ధనముతో, అమెరికా సెనేటరు ఫుల్‌బ్రైటు చొరవవలన, 1946లో ఏర్పడిన పథకము రాకపోకలు రెండింటిని కోరినది. 1950లో భారతదేశము అందు చేరినది; 2008 ఒడంబడికతో వ్యయమును అమెరికాతో సమానముగా భరింప నంగీకరించినది. ఇచ్చిపుచ్చుకొనుట యనగా నిదియే యని నా దృఢవిశ్వాసము.

అమెరికాలో పెరుగు మన బిడ్డలు వేసవిలో తాతగారింట రెండు వారములుండి, పెండ్లి చూచి, పట్టుబట్టలతో తిరిగివచ్చుట బంధుదర్శనమే కాని విద్యాయాత్ర కాదు. మన బిడ్డ హైదరాబాదులోనో, విశాఖలోనో, తిరుపతిలోనో ఒక సెమిస్టరు వసతిగృహమున నివసించి, నల్గొండనుండియో శ్రీకాకుళమునుండియో వచ్చిన సహాధ్యాయితో వాదించి, అచటి గ్రంథాలయమున చదివి, అచటి ఆచార్యుని ప్రశ్నలకు సమాధానము చెప్పి, పరీక్ష వ్రాసిననాడు, భారతదేశము వానికి తల్లిదండ్రుల జ్ఞాపకముగాక స్వానుభవమగును. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము విదేశీ విద్యార్థులకై ఇట్టి తరగతులను నడపియున్నది కూడ.

ఒక్క జాగ్రత్త చెప్పవలెను. అచట చదువు ప్రతి పాఠ్యాంశమునకు ఇచటి కళాశాలలో క్రెడిట్లు లభించునని ప్రయాణమునకు ముందే ఆ కళాశాలలోని తమ శాఖనుండి లిఖితపూర్వకముగా అనుమతి పొందవలెను. లేనిచో ఆ శ్రమ పట్టమునకు లెక్కకు రాకపోవచ్చును. పెల్ గ్రాంటు అను ప్రభుత్వ సహాయమును పొందు అమెరికా పౌరులకు, విదేశములలో చదువుటకై గిల్మన్ విద్యార్థివేతనము కలదు. అర్హులు దానికై తప్పక దరఖాస్తు చేయవలెను.

ఆ వేతనము అందనివారికి మనమే దిక్కు. మన తెలుగు మహాసభల అలంకారములకు వెచ్చించు ధనములో కొంత తీసి, ఏటేట కొందరు విద్యార్థులనైనను తెలుగునేలలోని విశ్వవిద్యాలయములకు పంపుటకు శాశ్వత నిధిని నెలకొల్పుడని, ఆ తీర్మానమును ఈ సభ ముగియకమునుపే చేయుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.