లెక్కలో పుట్టిన ద్రవము

రసాయన ఇంజనీరింగు పరిశోధనకై మా వద్దకు వచ్చు విద్యార్థి గాజు గొట్టములను, కొలిమిని ఊహించుకొని వచ్చును. మేము చూపునది ఒక బల్ల, ఒక కంప్యూటరు. “ప్రయోగశాల ఎక్కడ నున్నదండీ?” అని అడుగుట, మేము నవ్వుట ఏటేట జరుగుచుండును. నవ్వుదుమే గాని, ఆ ప్రశ్న తేలికయైనది కాదు. లెక్కలో మాత్రమే ఉన్న ద్రవమును నమ్మి కర్మాగారమున పాత్రల కొలతలు నిర్ణయింపవచ్చునా?

దీనికి సమాధానము వెదకినవారిలో అనీసుర్ రహమాన్ గారొకరు. వారు 1927లో మన హైదరాబాదున జన్మించిరి. కేంబ్రిడ్జిలో చదివి, బెల్జియమున డాక్టరేటు పొంది, 1960లో అమెరికాయందలి ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో చేరిరి. అచ్చట వారు లెక్కకు ఎన్నుకొన్న పదార్థము ద్రవ ఆర్గాన్. పేర్లలోని పోలిక కాకతాళీయమే సుమా!

ఆల్డర్, వెయిన్‌రైట్ అనువారు అంతకుమునుపే పరమాణువులను గట్టి గోళీలుగా భావించి ఇట్టి లెక్క చేసియుండిరి. రహమాన్ గారి పరమాణువులు అట్టివి కావు. దూరమున ఆకర్షించుకొనును, మిక్కిలి చేరువైనచో నెట్టుకొనును. ఊహలో ఒక పెట్టె, అందు 864 పరమాణువులు. ఒక గోడ దాటి పోయినది ఎదుటి గోడనుండి మరల లోనికి వచ్చును. సెకండును కోటి కోట్ల భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు ప్రతి పరమాణువుపై బలమెంత, అది ఎటు కదలునని యంత్రము గుణించుచు పోయెను.

1964లో ఫలితము ప్రకటించిరి. పరమాణువుల అమరిక ప్రయోగముతో చక్కగా సరిపోయెను. ద్రవములో అవి వ్యాపించు వేగము మాత్రము కొలిచినదానికన్న నూటికి 15 వంతులు తక్కువ వచ్చెను. ఆ మాటను వారు దాచలేదు. వ్యాస సంగ్రహములోనే వ్రాసిరి. విద్యార్థులచే మేము మొదట ఆ వ్యాసమునే చదివింతుము.

1971లో స్టిల్లింజరు గారితో కలిసి 216 నీటి అణువులను ఇట్లే పరీక్షించిరి. 1985లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1987లో కీర్తిశేషులైరి. నేడు లక్షలకొలది పరమాణువులతో లెక్కలు సాగుచున్నవి. విషవాయువులను, మిక్కుటమైన పీడనములను చేతితో కొలుచుట అపాయమైన చోట ఇంజనీర్లు వీనిని ఆశ్రయింతురు.

కొంతకాలము క్రిందట మా విద్యార్థి యొకడు ఉత్సాహముతో పరుగున వచ్చెను. వాని ద్రవపు సాంద్రత ప్రయోగఫలితముతో వెంట్రుకవాసియైన తేడా లేకుండ కలిసినదట. మాకు సంతోషముకన్న అనుమానమే ముందు కలిగినది. విచారింపగా, పరమాణువుల ఆకర్షణను తెలుపు సంఖ్యలను ఆ ప్రయోగఫలితమునుండియే దిద్ది తెచ్చుకొనెనని తేలినది. ఇక కలియక యేమగును? వ్యాపనవేగమును లెక్కించి తెమ్మని పంపితిమి. ఈ మారు తేడా నూటికి ఇరువది వచ్చినది. అదియే సిద్ధాంతగ్రంథమున వ్రాసికొనెను.