పని మనది - కాగితం ఎవరి పేరున?

(గోదావరి డెల్టా ప్లంబింగు పనివాళ్ళ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ పని చేసి, చేతికంటిన సొల్యూషన్ మరక పోకముందే ఇక్కడికొచ్చి కూర్చున్నారు. కాబట్టి ఉపన్యాసం దంచం. కొన్ని కాగితాల సంగతి, పన్నుల సంగతి, బీమా సంగతి, చివర్లో ఒక గొయ్యి సంగతి మాట్లాడుకుందాం.

ముందుగా నీళ్ళ సంగతి. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచివెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగారు. ఆ నీళ్ళు తాగినందుకు మనవాళ్ళ తలలు పగలగొట్టారు. 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపిన ఘోరానికి మొదలెక్కడ? తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దన్న మాట దగ్గర. మన డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవలు పారాయి, పొలాలు పండాయి. కానీ ఊరి బావి చేద మాత్రం మన తాతల చేతికి రాలేదు. దూరంగా నిలబడి, ఎవరన్నా పోస్తే పట్టుకున్నారు.

మరి ఇవాళ? అదే ఊళ్ళో మేడ మీదికి ట్యాంకు ఎక్కించిందెవరు? గోడ తొలిచి పైపు వేసిందెవరు? మన పేటల కుర్రాళ్ళు. నీళ్ళు ముట్టొద్దన్నవాళ్ళ వంటింటికి నీళ్ళు నడిపిస్తున్నది మన చెయ్యి. ఇది గర్వపడాల్సిన సంగతే. కానీ పని అయ్యాక బిల్లు ఎవరి పేరున రాస్తున్నారు? అక్కడికొచ్చేసరికి మనం లేం. కాంట్రాక్టు ఒకరిది, లైసెన్సు ఒకరిది, సంతకం ఒకరిది. మనకి సాయంత్రం కూలి. ఇరవై ఏళ్ళు పని చేసినవాణ్ణి కూడా "ఆ పైపుల కుర్రాడు" అంటారు తప్ప ఫలానా ప్లంబింగ్ వర్క్స్ యజమాని అనరు. మాలో చాలామందిమి ఇలాగే బతికాం. పని రాక కాదు. కాగితం లేక.

ఆఫీసుకెళ్తే ఏమడుగుతారో, ఎంత గుంజుతారో అన్న భయం మనకి ఉంది. ఆ భయం మీదే బ్రోకర్లు బతుకుతున్నారు. కాబట్టి ఒక్కో కాగితం విప్పి చూద్దాం.

లైసెన్సులు

కరెంటు పనికి లైసెన్సింగ్ బోర్డు ఉన్నట్టుగా, ప్లంబింగు పనికి రాష్ట్రమంతటికీ ఒకే బోర్డు లేదు. ఇంట్లో కుళాయి మార్చడానికి, బాత్రూము పైపులు వెయ్యడానికి ఎవడూ మనల్ని "లైసెన్సు చూపించు" అనలేడు. మునిసిపాలిటీ మెయిను పైపు నుంచి కొత్త కనెక్షన్ తీసే పని వేరు. అది లైసెన్సున్న ప్లంబరు చేతి మీదుగా జరగాలన్నది పట్టణాల పద్ధతి. రాజమండ్రి కార్పొరేషన్ అయినా, భీమవరం, అమలాపురం లాంటి మునిసిపాలిటీలయినా ఇంజనీరింగ్ విభాగంలో కూర్చునేవాళ్ళని అడగండి: ప్లంబరు లైసెన్సుకి ఏం చదువు కావాలి, ఫీజెంత, ఎన్నేళ్ళకోసారి రెన్యువల్? జవాబు నోటితో కాదు, రాతపూర్వకంగా తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం 2005 ఉంది, పది రూపాయల ఫీజు. తెల్లరేషను కార్డుంటే ఆ పది కూడా అక్కర్లేదు.

చదువు దగ్గర చాలామంది ఆగిపోతారు. ఐటీఐలో ప్లంబరు ట్రేడు ఒక ఏడాది. కుర్రాళ్ళని అక్కడ చేర్పించండి. పని వచ్చి సర్టిఫికెట్ లేని పెద్దవాళ్ళకి, వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్రం నైపుణ్య శిక్షణ పథకంలో ఉంది. మళ్ళీ బడికి పోనక్కర్లేదు. మనకి తెలిసినదాన్ని వాళ్ళు ఒప్పుకుంటే చాలు.

ఇక ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ఇది పోరాట ఉద్యమం కాదు గానీ మనకి పనికొచ్చేదే! చిన్న వ్యాపారాలని నమోదు చేసే ప్రభుత్వ పద్ధతి, 2020 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఆధార్, పాన్ ఉంటే చాలు. పైసా ఫీజు లేదు. "రెండు వేలివ్వు, తీసిపెడతా" అనేవాడు మోసగాడు. నమోదు చేసేటప్పుడు కులం అడిగే చోట ఎస్సీ అని రాయించడం మరిచిపోవద్దు. ఎందుకో తర్వాత చెప్తాం.

సామాను అమ్మే దుకాణం కూడా తెరిస్తే రెండు సంగతులు. ఒకటి, మునిసిపాలిటీలోగానీ పంచాయతీలోగానీ ట్రేడు లైసెన్సు. రెండు, 1988 నాటి షాపుల చట్టం కింద కార్మిక శాఖలో నమోదు. చిన్న దుకాణాలకి ఈ చట్టంలో నియమాలు మారుతుంటాయి. తలుపు తెరిచే ముందే లేబరు ఆఫీసులో కనుక్కోండి. సంచిలో రెంచీ పెట్టుకుని ఇంటింటికీ తిరిగి పనిచేసేవాడికి దుకాణం గొడవ లేదు.

పన్నులు

జీఎస్టీ అనగానే మనవాళ్ళు బెదిరిపోతారు. సేవలు చేసేవాడు ఏడాదికి 20 లక్షల రూపాయల వ్యాపారం దాటితేనే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. నలభై లక్షలని ఎవరన్నా చెప్తే, అది కేవలం సరుకు అమ్మేవాడికి. సరుకూ పనీ కలిపి చేసే మనకి 20 లక్షలే లెక్క.

ఇక్కడొక కిటుకు ఉంది. ఒక ఇంటికి లక్ష రూపాయల సామాను, నలభై వేల కూలి అయిందనుకోండి. సామాను మీరు కొని, కలిపి బిల్లు వేస్తే మీ లెక్కలో పడేది 1,40,000. సామాను ఇంటాయన తన పేరున కొనుక్కుని, మీరు కూలి మాత్రమే తీసుకుంటే పడేది 40,000. ఇది దొంగ లెక్క కాదు, చట్టం ఒప్పుకున్న లెక్కే. ఇంకో మాట. ఒక కుటుంబం కట్టుకునే విడి ఇంటికి, కొత్త కట్టడంలో కూలి మాత్రమే తీసుకుని చేసిన పని మీద జీఎస్టీ లేదు. అపార్టుమెంటు అయితే ఇది వర్తించదు.

20 లక్షలు దాటితే మామూలు రేటు నూటికి 18. కంపోజిషన్ అనే తేలిక పద్ధతిలో, 50 లక్షల లోపు వ్యాపారం వాళ్ళు నూటికి 6 కట్టొచ్చు. కానీ దాన్ని ఇంటాయన దగ్గర విడిగా వసూలు చేయకూడదు. గట్టిగా గుర్తుపెట్టుకోండి: రిజిస్ట్రేషన్ లేనివాడు బిల్లు మీద జీఎస్టీ అని రాసి డబ్బు తీసుకుంటే అది తప్పు.

ఆదాయపు పన్ను. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను పడటం లేదు. చిన్న వ్యాపారికి అంచనా పద్ధతి కూడా ఉంది. పెద్ద లెక్కల పుస్తకాలు రాయకుండా, వచ్చిన మొత్తంలో నూటికి 8, బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో వచ్చినదాంట్లో 6 కనీస లాభంగా చూపొచ్చు. అంతకన్నా మిగిలితే మిగిలినంతా చూపాలి. "పన్నే లేనప్పుడు రిటర్ను ఎందుకండీ?" అంటారు. రెండు కారణాలు. అప్పుకి వెళ్తే బ్యాంకు మొదట అడిగేది అదే. పెద్ద కాంట్రాక్టరు బిల్లులో నూటికి ఒక రూపాయి కోసి ప్రభుత్వానికి కడతాడు కదా, అది తిరిగి రావాలంటే రిటర్ను వెయ్యాలి. పాన్ ఇవ్వకపోతే ఆ ఒక రూపాయి ఇరవై అవుతుంది. ఏళ్ళ తరబడి మన రూపాయలు అక్కడే వదిలేశాం.

వృత్తి పన్ను 1987 నాటి రాష్ట్ర చట్టం. దీని పేరు చెప్పి ఎవరెంత అడిగినా, రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం ఒక మనిషి దగ్గర ఏడాదికి 2,500 రూపాయలు దాటి తీసుకోకూడదు. బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగంలో మన జేబు సంగతి కూడా ఉందండి!

బీమా

ఇక్కడ కాస్త మనసు పెట్టి వినండి. ఇన్నాళ్ళూ మనం నష్టపరిహారం అడిగేవాళ్ళం. కాగితం మన పేరున వచ్చిన రోజు నుంచీ ఇచ్చేవాళ్ళమవుతాం.

మీరు కాంట్రాక్టు పట్టారు. సాయానికి బావమరిదినో, పక్కింటి కుర్రాణ్ణో తీసుకెళ్ళారు. వాడు రెండో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు. చట్టం కంట్లో యజమాని మీరే. 1923 నాటి పరిహార చట్టం ఆ మాటే అంది. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ మాటే అంటోంది. పనిలో ఉండగా దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా పరిహారం యజమాని ఇవ్వాలి. "వాడు మా బంధువేనండి" అంటే చెల్లదు. మొన్నటిదాకా మనల్ని ఆసుపత్రి గుమ్మంలో వదిలేసి వెళ్ళిన మేస్త్రిని తిట్టుకున్నాం. మన కుర్రాణ్ణి మనమే అలా వదిలేస్తే, మారింది మేస్త్రి కులమే గానీ బతుకు కాదు.

అందుకే సాయానికి మనిషిని పెట్టుకున్న రోజే, పనివాళ్ళ పరిహారం పాలసీ తీసుకోండి. సాధారణ బీమా కంపెనీలన్నీ ఇస్తాయి. రెండోది, మన పని వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికి పాలసీ. బిగించిన జాయింటు రాత్రికి ఊడి కింది వాటాలో సామానంతా తడిసిందనుకోండి, ఆ నష్టం మన నెత్తినే పడుతుంది. పెద్ద బిల్డింగుల వాళ్ళు ఈ పాలసీ చూపించమంటారు కూడా. పదిమందిని పెట్టుకునే స్థాయికొస్తే ఈఎస్ఐ, ఇరవైకొస్తే పీఎఫ్ సంగతి చూసుకోవాలి.

ఇక ఒక్కొక్కరికి. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా ఉంది, చనిపోతే 2 లక్షలు. 436 రూపాయలతో జీవిత బీమా ఉంది, అదీ 2 లక్షలే, చేరడానికి వయసు 18 నుంచి 50. మే నెలాఖరుకి ఖాతాలో ఆ డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినవాళ్ళు 18 నుంచి 60 ఏళ్ళ లోపయితే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోండి. ప్లంబరు కూడా నిర్మాణ కార్మికుడే. ఆ బోర్డు డబ్బు, కట్టడాల ఖర్చు మీద నూటికి రూపాయి చొప్పున వసూలయ్యే సెస్సు. దానం కాదు, మన చెమట.

గొయ్యి

ఏ లైసెన్సూ, ఏ బీమా కాయని చోటు ఒకటుంది. సెప్టిక్ ట్యాంకు.

పైపు పని చేస్తుండగా ఇంటాయన అంటాడు: "ఎలాగూ వచ్చావు కదా, ఆ ట్యాంకు కూడా దిగి చూసెయ్, ఐదొందలు ఎక్కువిస్తాలే." ఈ మాట వేరే కులపు ప్లంబరుతో అంటాడా? అనడు. మన మొహం చూసే అంటాడు. దిగొద్దు. మూత తీసి గాలి పోయిందనుకోవద్దు. లోపలి విషవాయువు రెండు గుక్కల్లో మనిషిని పడేస్తుంది. వాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడూ పోతాడు.

రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలవలోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. 2014లో సుప్రీంకోర్టు ఇలా చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేసింది. ఈ తీర్పుల వెనక బెజవాడ విల్సన్ లాంటివాళ్ళ ఏళ్ళ తరబడి పోరాటం ఉంది. కానీ 30 లక్షలు వచ్చేది మనిషి పోయాక. మనకి మనిషి కావాలి. రేపు మీరే కాంట్రాక్టరై, మీ కింద కుర్రాణ్ణి దింపితే ఆ చట్టం కింద ముద్దాయి మీరే. యంత్రం బండి పిలిపించండి. డబ్బు ఎవడు కడతాడంటే, ట్యాంకు ఎవడిదో వాడు కడతాడు.

ఇక చెయ్యాల్సింది

పెట్టుబడి సంగతి అడుగుతున్నారు. ముద్ర పథకం 2015లో వచ్చింది. యాభై వేల లోపు శిశు, ఐదు లక్షల దాకా కిశోర్, పది లక్షల దాకా తరుణ్. పది లక్షల లోపు చిన్న వ్యాపారపు అప్పుకి బ్యాంకు తాకట్టు అడగకూడదు. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకం 18 వృత్తుల జాబితాలో తాపీ మేస్త్రి ఉన్నాడు గానీ ప్లంబరు లేడు. దానికోసం తిరిగి చెప్పులు అరగదీసుకోవద్దు.

ఉద్యమ్‌లో ఎస్సీ అని రాయించమన్నాం కదా, ఎందుకంటే కేంద్ర ప్రభుత్వ శాఖలూ సంస్థలూ ఏటా కొనే వస్తువుల్లో, సేవల్లో నూటికి 4 రూపాయల మేర ఎస్సీ ఎస్టీల చిన్న సంస్థల దగ్గర కొనాలని 2012 నాటి విధానం చెబుతోంది. టెండరు వెయ్యడానికి ముందస్తు డిపాజిట్టు కూడా అక్కర్లేదు. రాజమండ్రిలో ఓఎన్‌జీసీ ఉంది, రైల్వే ఉంది. ఆ నాలుగు రూపాయలు అడగాలంటే మన పేరున కాగితం ఉండాలి.

కార్యకర్తలకి ఒక మాట. సభలు పెట్టాం, విగ్రహాలు పెట్టాం, మంచిదే. ఇకనుంచి ప్రతి పేటలో నెలకో రాత్రి పనివాళ్ళని కూర్చోబెట్టండి. ఒకరికి పాన్, ఒకరికి ఉద్యమ్, ఒకరికి బోర్డు కార్డు చేయించి పంపండి. బిల్లు రాయడం నేర్పండి: తారీఖు, ఇంటాయన పేరు, సామాను వేరు, కూలి వేరు, మొత్తం, సంతకం. వేలిముద్ర వేసే పెద్దాయనకి ఆయన కూతురు రాసిపెడుతుంది.

వచ్చే కూడికకి ప్రతివాళ్ళూ తమ పేరున రాసిన ఒక్క బిల్లు పట్టుకురండి. వంద రూపాయలదైనా సరే. చూద్దాం, ఎన్ని వస్తాయో.

జై భీమ్!